రీలు కెమెరా ఇప్పుడు మొదలుపెడితే, రీలు ఎన్నాళ్లు దొరుకుతుంది?

కొత్తరీలు
ఇంట్లో నికాన్ ఎఫ్ఎమ్2, 50 ఎంఎం లెన్సు ఉన్నాయి. షట్టర్ పడుతోంది, మీటరు లైట్లు వెలుగుతున్నాయి. ఒక డజను రీళ్లు తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టుకుందామని ఉంది. స్టూడియోలో అడిగితే "ఇంకెక్కడి రీళ్లు బాబూ" అంటున్నారు. ఆన్‌లైన్లో చూస్తే కొత్త ఫిల్ములు వస్తున్నాయని కనబడుతోంది. ఏది నమ్మాలి? పదేళ్ల తర్వాత కూడా దొరుకుతుందా? కలర్‌తో మొదలుపెట్టాలా, బ్లాక్ అండ్ వైట్‌తోనా? ఉండేది రాజమండ్రి, దగ్గర్లో కడిగే ల్యాబు లేదు.

పిక్సెల్‌రాజు
స్టూడియో ఆయన మాటే నమ్మండి. కోడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణకి కోర్టు మెట్లెక్కింది. వాళ్ల కలర్ స్లైడ్ ఫిల్మ్ కోడాక్రోమ్‌ని 2009లో ఆపేశారు. దాన్ని కడిగే ఆఖరి ల్యాబు అమెరికాలో కాన్సస్ రాష్ట్రం పార్సన్స్ ఊళ్లో ఉండేది, అది కూడా 2010 డిసెంబరు 30 తర్వాత కొత్త రీళ్లు తీసుకోలేదు. ఫ్యూజీ 2013లో సినిమా కెమెరా ఫిల్మ్ మానేసింది. 2021లో వాళ్ల కలర్ ఫిల్మ్ ప్రో 400హెచ్ కూడా పోయింది. 36 బొమ్మల కోసం రీలు, కడగడం, స్కానింగ్ కలిపి పెట్టే డబ్బుతో ఏడాది తిరిగేసరికి మంచి సెకండ్‌హ్యాండ్ డిజిటల్ బాడీ వస్తుంది.

డల్లాస్_నెగటివ్
రాజు గారూ, మీరు చెప్పినవన్నీ జరిగినవే. కానీ సగం లెక్కే చెప్పారు. ఎక్టాక్రోమ్ స్లైడ్ ఫిల్మ్‌ని తిరిగి తెస్తామని కోడాక్ 2017 జనవరిలో ప్రకటించి 2018లో ఈ100 పేరుతో తెచ్చింది. అదే ఏడాది వాళ్ల బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ టీ-మాక్స్ పీ3200 కూడా మళ్లీ వచ్చింది. ఫ్యూజీ తన బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ ఆక్రోస్‌ని 2018లో ఆపి 2019లో ఆక్రోస్ 2గా మళ్లీ తెచ్చింది, డబ్బా మీద చూస్తే తయారీ యూకే అని ఉంటుంది. అంటే ఫ్యూజీ పేరు, వేరేవాళ్ల ఫ్యాక్టరీ. ఇల్ఫర్డ్ ఫిల్ములు చేసే హార్మన్ కంపెనీ ఇంగ్లండ్‌లో చెషైర్‌లోని మాబర్లీలో ఉంది. 2004లో మూతపడే స్థితికి వచ్చిన ఆ ఫ్యాక్టరీని మరుసటి ఏడాది అక్కడి మేనేజర్లే కొనుక్కున్నారు. అదే హార్మన్ 2023 డిసెంబరులో ఫీనిక్స్ 200 అనే కలర్ నెగటివ్‌ని విడుదల చేసింది. పాత ఫార్ములాని దులిపి తెచ్చింది కాదు, వాళ్లే మొదటినుంచీ తయారుచేసుకున్నది. గ్రెయిన్ ఎక్కువ, వెలుగు చుట్టూ ఎర్రటి మసక వస్తుంది, కోడాక్ కలర్ నెగటివ్ పోర్ట్రా పక్కన నిలబడదు. అయినా కలర్ ఎమల్షన్ (ఫిల్మ్ మీద వెలుగు పట్టే పూత) చేయగల ఫ్యాక్టరీ ఒకటి కొత్తగా లెక్కలోకి వచ్చింది కదా.

ఇంకా చెక్ దేశంలో ఫోమా ఉంది, జర్మనీలో అడాక్స్ ఉంది. బ్లాక్ అండ్ వైట్‌కి ఒక ఫ్యాక్టరీ పోయినా ఇంకో ఫ్యాక్టరీ ఉంటుంది. కలర్ నెగటివ్‌లో అంత ధీమా లేదు, బరువంతా అమెరికాలో రోచెస్టర్‌లోని కోడాక్ ఫ్యాక్టరీ మీదే.

రీలుపెట్టె
కోడాక్ ఎందుకు కుప్పకూలిందో, ఎందుకు పూర్తిగా పోలేదో తెలియాలంటే స్టిల్ ఫిల్మ్ వైపు చూస్తే సరిపోదు. సినిమా ఫిల్మ్ లెక్క చూడాలి. కోడాక్ సినిమా ఫిల్మ్ అమ్మకం 2006లో 1,240 కోట్ల అడుగులు. 2014కి వచ్చేసరికి అంచనా 44.9 కోట్ల అడుగులు. అందరూ "దర్శకులు డిజిటల్ కెమెరాకి మారారు కాబట్టి" అంటారు. అది చిన్న ముక్క మాత్రమే.

35 ఎంఎంలో అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేములంటే నిమిషానికి 90 అడుగులు. రెండున్నర గంటల తెలుగు సినిమా ఒక ప్రింటుకి 13,500 అడుగులు. 300 ప్రింట్లతో విడుదలైతే 40.5 లక్షల అడుగులు. అదే సినిమాకి కెమెరాలో ఒకటికి పది వంతులు తీశారనుకున్నా నెగటివ్ 1.35 లక్షల అడుగులే. ఒక్క సినిమాకే ప్రింట్ ఫిల్మ్ నెగటివ్‌కి 30 రెట్లు. థియేటర్లలో ప్రొజెక్టర్లు డిజిటల్ అయిన రోజున ఆ 30 వంతులూ ఒక్కసారే ఎగిరిపోయాయి. మన దగ్గర ల్యాబుల పని ఎండిపోయింది కూడా అందుకే. రీలు పెట్టెలు బస్సులెక్కి ఊళ్లు తిరగడం అప్పుడే ఆగింది.

ఫిల్మ్ మీద ఎమల్షన్ పూసే కోటింగ్ మెషిన్‌ని కొద్దికొద్దిగా నడపడం కుదరదు. ఒకసారి మొదలైతే మనిషి ఎత్తు దాటని వెడల్పుతో మైలు పొడవు మాస్టర్ రోల్ చీకట్లో బయటికి వస్తుంది. పొరమీద పొర, పదికి పైగా పొరలు, ఒక్కోటి మైక్రాన్లలో. మెషిన్ మొదలైనప్పుడు, ఆగేటప్పుడు పోయే సరుకే బోలెడు. అందుకే 2015లో హాలీవుడ్ స్టూడియోలు ఏటా ఇంత కొంటామని కోడాక్‌తో ఒప్పందం చేసుకోవడం మనబోటివాళ్లకి కూడా మేలు చేసింది. విజన్3 సినిమా నెగటివ్, గోల్డ్, పోర్ట్రా అన్నీ పుట్టేది రోచెస్టర్‌లోని ఆ కోటింగ్ లైనులోనే. సినిమావాళ్లు కొంటున్నంతకాలం మీ గోల్డ్ 200 వస్తుంది.

గోదారిగట్టు
మరి మన దేశంలో ఎందుకు చేయకూడదు? ఊటీలో ఉండేది కదా.

ఊటీఘాట్
హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్. 1960లో పెట్టారు, ఫ్రాన్స్‌కి చెందిన బౌషే కంపెనీ సాంకేతిక సాయంతో. సరుకు పేరు "ఇందు". ఊటీ ఎందుకంటే చల్లదనం, దుమ్ము లేని గాలి. కోటింగ్ గదిలో ఒక దుమ్ము కణం పడితే ఫిల్మ్ మీద అది చుక్కే. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్, పేపరు, ఎక్స్‌రే ఫిల్మ్ అక్కడినుంచే వచ్చేవి. తర్వాత పాలియెస్టర్ ఎక్స్‌రే ఫిల్మ్ కోసం భారీగా అప్పుచేసి కొత్త ప్లాంటు కట్టారు, అదే సమయంలో దిగుమతి సుంకాలు తగ్గాయి, వడ్డీ మోయలేక ఖాయిలా పరిశ్రమల జాబితాలోకి వెళ్లింది.

మళ్లీ తెరవొచ్చు కదా అని ప్రతి ఆరునెలలకీ ఎవరో ఒకరు అడుగుతారు. మెషిన్ ఉంటే చాలదు. జెలటిన్ ఒక్కో బ్యాచ్ ఒక్కోలా ఉంటుంది, ఫోటోగ్రాఫిక్ రకం జెలటిన్ చేసేవాళ్లు ప్రపంచంలోనే కొద్దిమంది. వెండి స్ఫటికాల సైజుని అదుపులో పెట్టే మనుషుల అనుభవం కాగితాల మీద ఉండదు. పోలరాయిడ్ సంగతి చూడండి. 2008లో వాళ్లు ఫిల్మ్ ఆపేశాక నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే ఫ్యాక్టరీని అక్కడి మేనేజరు, ఇంకొందరు కలిసి తీసుకున్నారు. మెషిన్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కానీ సరఫరాదారులు పోయారు, ఆ రసాయనాలు లేవు. మొత్తం మళ్లీ కనిపెట్టుకోవాల్సి వచ్చింది. 2010లో వచ్చిన మొదటి ప్యాకుల్లో బొమ్మ కెమెరాలోంచి బయటికొచ్చిన క్షణం వెలుగు తగిలితే పాడైపోయేది.

మినీల్యాబ్_మావయ్య
తమ్ముడూ, రీలు దొరుకుతుందా అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగకు. రీలు, మందు, కడిగే మెషిన్, స్కానర్, కెమెరా, వీటి ఆయుష్షు దేనిది దానిదే. నన్నడిగితే అన్నిటికంటే ముందు పోయేది స్కానర్, తర్వాత కడిగే మెషిన్. రీలు చాలా వెనక ఉంటుంది.

మినీల్యాబ్ మెషిన్ నడవాలంటే రోజూ రీళ్లు పడాలి. డెవలపర్ ట్యాంకులో ఒక్కో రీలు కడిగినప్పుడల్లా కొంచెం రీప్లెనిషర్ (తాజా మందు) చేరుతుంది, ఆ లెక్కన కొన్ని వారాల్లో ట్యాంకు మొత్తం కొత్తదవుతుంది. వారానికి ఐదారు రీళ్లే పడితే ట్యాంకు మారదు, మందు గాలి తగిలి చచ్చిపోతుంది, నీరు ఆవిరై మిగిలింది చిక్కబడుతుంది. కలర్ నెగటివ్ కడిగే పద్ధతి సీ-41లో డెవలపర్ 37.8 డిగ్రీలు, 3 నిమిషాల 15 సెకన్లు. అక్కడ కొంచెం తేడా వచ్చినా మూడు రంగుల పొరలూ ఒకేలా రావు. నీడలు ఆకుపచ్చగా, వెలుగులు గులాబీగా పోతే అది స్కానింగ్‌లో సరిచేసే తప్పు కాదు.

ల్యాబుకి పంపేముందు రెండే అడుగు. మందు సరిగా ఉందో చూసే కంట్రోల్ స్ట్రిప్ (పరీక్ష ఫిల్మ్ ముక్క) వేస్తున్నారా? వారానికి ఎన్ని సీ-41 రీళ్లు పడుతున్నాయి? జవాబు నసిగితే ఆ ల్యాబు వద్దు. నెగటివ్ వెనక్కి పంపమని రాసి ఇవ్వు, చాలాచోట్ల స్కాన్ పంపి నెగటివ్ పారేస్తున్నారు.

ఇంకొకటి. నెగటివ్ బురదగా, మందంగా, గరుకుగా వస్తే అన్నిసార్లూ నీ ఎక్స్‌పోజర్ తప్పు కాదు. బ్లీచ్‌కి గాలి తగలకపోతే, లేదా బ్లీచ్ అయిపోతే, వెండి నెగటివ్‌లోనే మిగిలిపోతుంది. సయాన్ రంగు పూర్తిగా ఏర్పడదు. దీనికి మందుంది. అదే నెగటివ్‌ని మంచి బ్లీచ్‌లో, తర్వాత ఫిక్సర్‌లో మళ్లీ వేయిస్తే చాలావరకు బాగుపడుతుంది. డెవలపర్ తప్పుకి మాత్రం తిరుగు లేదు.

చీకటిగది
రాజమండ్రిలో ల్యాబు లేదన్నారు కాబట్టి బ్లాక్ అండ్ వైట్‌తో మొదలుపెట్టండి, ఇంట్లో కడగండి. హెచ్‌పీ5 ప్లస్ లేదా ట్రై-ఎక్స్ 400, ఏదో ఒకటి పట్టుకుని పది రీళ్లదాకా మార్చొద్దు.

డెవలపర్ దొరకలేదని ఆగక్కర్లేదు. కోడాక్ డెవలపర్ డీ-76 ఫార్ములా ఎప్పుడో బయటికొచ్చింది. మెటోల్ 2 గ్రాములు, నీరు లేని సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు, నీళ్లు కలిపి లీటరు. ఇంకా తేలికగా కావాలంటే డీ-23. మెటోల్ 7.5 గ్రాములు, సల్ఫైట్ 100 గ్రాములు, అంతే. ల్యాబ్ రసాయనాలు అమ్మే షాపుల్లో ఇవన్నీ ఉంటాయి. 750 మి.లీ. నీళ్లు 50 డిగ్రీల దగ్గర పెట్టి మొదట ఒక చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటోల్ మొత్తం, అది కరిగాక మిగతా సల్ఫైట్. ముందే సల్ఫైట్ అంతా పోస్తే మెటోల్ కరగదు, తెల్లగా తేలుతుంది. చిటికెడు కూడా వేయకపోతే మెటోల్ గాలికి గోధుమరంగు తిరుగుతుంది. 0.1 గ్రాము చూపించే తూకం కావాలి, వంటింటి తూకం మెటోల్‌కి పనికిరాదు. మెటోల్ కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది, గ్లవ్స్ వేసుకోండి. కొన్న పొడి ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి కలపండి. సగం పొడి కలుపుకుని సగం దాచుకుంటే ఏ మందు ఎంత పడిందో చెప్పలేం.

ట్రై-ఎక్స్ డీ-76 1+1లో (ఒక వంతు మందు, ఒక వంతు నీళ్లు) 20 డిగ్రీలకి 9¾ నిమిషాలు, హెచ్‌పీ5 11 నిమిషాలు. ఇక్కడ చాలామంది చూసుకోని సంగతి ఒకటుంది. ఒక 36 బొమ్మల రీలుకి చిన్న ట్యాంకులో 300 మి.లీ. పోస్తే 1+1లో అసలు మందు 150 మి.లీ.యే. కోడాక్ చెప్పేది, రీలుకి 1+1 ద్రావణం దాదాపు అర లీటరు ఉండాలి, దానిలో సగమే పోస్తే సమయం పది శాతం పెంచాలి అని. పలచటి నెగటివ్‌లకి సగం కారణం ఇదే.

స్టాప్ బాత్‌కి కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు చాలు, లీటరుకి 15 గ్రాములు. ఫిక్సర్‌కి హైపో స్ఫటికాలు లీటరుకి 250 గ్రాములు. హైపో కరిగేటప్పుడు నీళ్లు బాగా చల్లబడతాయి, కాబట్టి వేడినీళ్లతో మొదలుపెట్టండి. ఫిల్మ్ నాలుక (డబ్బా బయటికి ఉండే కొస) ముక్క కత్తిరించి వెలుతుర్లోనే ఫిక్సర్‌లో వేసి అది పారదర్శకమయ్యే సమయం చూడండి. దానికి రెట్టింపు సమయం ఫిక్స్ చేయాలి. టీ-మాక్స్, డెల్టా అయితే మూడు రెట్లు. తాజా మందులో పట్టిన సమయానికి రెట్టింపు పట్టడం మొదలైందంటే ఆ ఫిక్సర్ పారబోయండి.

పిక్సెల్‌రాజు
20 డిగ్రీలట. మే నెలలో రాజమండ్రి ట్యాంకు నీళ్లు చేతికి కాలుతాయి. ఎమల్షన్ కరిగి, ట్యాంకులో ఫిల్మ్ చుట్టే స్పైరల్‌కి అంటుకుంటుంది.

చీకటిగది
కరగదు. ఇప్పటి ఫిల్మ్‌ని ఫ్యాక్టరీలోనే గట్టిపరుస్తారు, సీ-41 అంతా 38 డిగ్రీల దగ్గరే జరుగుతోంది కదా. దెబ్బతీసేది వేడి కాదు, తేడా. డెవలపర్ 22లో ఉండి కడిగే నీళ్లు 34లో ఉంటే జెలటిన్ ఒక్కసారి ఉబ్బి ముడతలు పడుతుంది, బొమ్మ మీద ఎండిన చెరువు నెర్రెల్లాంటి గీతలు వస్తాయి. అన్ని సీసాలూ, కడిగే నీళ్లూ ఒకే టబ్బులో పెట్టి 24 దగ్గరికి తెచ్చుకోండి. ఐసు జిప్ కవర్లో వేసి టబ్బు నీళ్లలో దించాలి, డెవలపర్‌లో వేస్తే మందు పలచబడుతుంది.

20 నుంచి 24కి పెరిగితే సమయం మూడో వంతు దాకా తగ్గుతుంది. 5 నిమిషాల కంటే తక్కువకి దిగొద్దు, మందు పోసేలోపే ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ పడి ఆకాశంలో చారలు కనబడతాయి. వేసవిలో 1+3 వాడండి. హెచ్‌పీ5కి ఇల్ఫర్డ్ డెవలపర్ ఐడీ-11 1+3లో 20 డిగ్రీలకి 20 నిమిషాలు, 24కి దాదాపు 14. నీళ్లు తక్కువున్న రోజుల్లో ఇల్ఫర్డ్ పద్ధతిలో కడగండి. ట్యాంకు నింపి 5 సార్లు తిప్పి పారబోయడం, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. మూడు ట్యాంకుల నీళ్లతో అయిపోతుంది. ఇది గట్టిపరిచే మందు లేని ఫిక్సర్‌కే వర్తిస్తుంది. ఆఖరిసారి బోరు నీళ్లు వాడితే ఉప్పు మరకలు పడతాయి, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు ఫోటో-ఫ్లో (నీరు మరక పడకుండా జారేలా చేసే ద్రవం) వేసి ముంచి వేలాడదీయండి.

కోస్తాలో ఇంకో చిక్కు ఉక్కపోత. వెలుగు చొరని ఛేంజింగ్ బ్యాగులో ఫిల్మ్ ఎక్కించేటప్పుడు చేతులు చెమట పట్టి ఫిల్మ్ ప్లాస్టిక్ స్పైరల్‌లో ఇరుక్కుంటుంది. స్పైరల్ పొడిగా ఉండాలి, కడిగిన గంటకే మళ్లీ ఎక్కించొద్దు. ఫిల్మ్ మొదటి రెండు మూలలు గుండ్రంగా కత్తిరిస్తే సగం గొడవ తగ్గుతుంది.

మినీల్యాబ్_మావయ్య
చీకటిగది గారి మాటకి ఒక కొసరు. మన ఎండలు కలర్‌కే అనుకూలం. 38 డిగ్రీలు నిలబెట్టడానికి చలిదేశాల వాళ్లు హీటర్లతో తంటాలు పడతారు. ఇక్కడ ఏప్రిల్‌లో టబ్బు నీళ్లే 33లో ఉంటాయి, వంటకి వాడే సూ-వీడ్ కడ్డీ ఒకటి వేస్తే కదలకుండా నిలబడుతుంది. ద్రవాల కిట్టు కొరియర్లో రావడం కష్టం, పొడి కిట్టు అడుగు. కలిపిన మందుని అంచుదాకా నింపిన సీసాలో దాచి కొద్ది వారాల్లో అయిపోగొట్టాలి, కాబట్టి రీళ్లు పోగయ్యాక ఒకేసారి కడుక్కో.

గోదారిగట్టు
సినిమా ఫిల్మ్‌ని చిన్న రీళ్లుగా చుట్టి చవగ్గా అమ్ముతున్నారు. అది తీసుకోవచ్చా?

రీలుపెట్టె
ఏది తీసుకుంటున్నారో తెలిస్తేనే. 100 అడుగుల డబ్బాలోంచి 36 బొమ్మల రీళ్లు దాదాపు 18 వస్తాయి కాబట్టి లెక్క గిట్టుబాటే. విజన్3 250డీ పగటి వెలుగుకి, 500టీ బల్బు వెలుగుకి. 500టీని ఎండలో వాడితే 85 నంబరు ఫిల్టర్ పెట్టాలి, లేకపోతే నీలంగా వస్తుంది.

అసలు ప్రమాదం వెనకవైపు ఉన్న నల్లటి కార్బన్ పూత, రెమ్‌జెట్. అది ఉన్న రీలుని మామూలు మినీల్యాబ్‌లో వేస్తే పూత ఊడి ట్యాంకు మొత్తం మసి చేస్తుంది, తర్వాత పడిన అందరి రీళ్ల మీదా అంటుకుంటుంది. ల్యాబువాడికి చెప్పకుండా ఇవ్వడం దుర్మార్గం. ఇంట్లో అయితే బోరాక్స్ లేదా వాషింగ్ సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముందు నానబెట్టి ట్యాంకు బాగా కుదిపితే చాలామటుకు వదులుతుంది, మిగిలింది చివర్లో తడి స్పాంజితో వెనకవైపు తుడవాలి. ఎమల్షన్ వైపు తగిలితే గీతలే. రెమ్‌జెట్ ముందే తీసేసి అమ్మే 800టీ రకం సీ-41లో నేరుగా వెళ్తుంది, కానీ వెలుగుని ఆపే పూత లేదు కాబట్టి దీపాల చుట్టూ ఎర్రటి వలయం వస్తుంది. 2025 నుంచి కోడాక్ విజన్3ని రెమ్‌జెట్ లేకుండా, లోపలే వెలుగునాపే పొరతో చేస్తోంది. ఆ సరుకు అందరికీ చేరాక ఈ గొడవే ఉండదు.

సినిమా నెగటివ్‌కి అసలు ప్రాసెస్ ఈసీఎన్-2, 41.1 డిగ్రీలు, 3 నిమిషాలు. దాంట్లో కలర్ డెవలపర్ సీడీ-3, సీ-41లో సీడీ-4. సీ-41లో కడిగితే కాంట్రాస్టు పెరుగుతుంది, రంగులు ఎన్నేళ్లు నిలుస్తాయన్న భరోసా ఉండదు.

తెనాలి_షట్టర్
కెమెరా సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. ఎఫ్ఎమ్2 అదృష్టం. షట్టర్ అన్ని స్పీడుల్లోనూ బ్యాటరీ లేకుండా నడుస్తుంది, రెండు ఎల్ఆర్44 సెల్లులు మీటరుకే. వెనక తలుపు తీసి ట్యూబ్‌లైటు వద్దు, ఆకాశం వైపు పెట్టి 1/1000లో నొక్కండి. ఫ్రేము మొత్తం ఒకే వెలుగు కనబడాలి, ఒక అంచు చీకటిగా ఉంటే రెండు కర్టెన్ల వేగంలో తేడా ఉన్నట్టు. తలుపు అంచుల్లో, అద్దం కింద ఉన్న ఫోమ్ వేలితో తాకితే తారులా అంటుకుంటుందా చూడండి. అంటుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గోకి కొత్త ఫోమ్ వేయాలి, లేకపోతే బొమ్మల మీద నారింజ రంగు చార వస్తుంది. లెన్సులో సాలెగూడులాంటి బూజు ఉందేమో టార్చి వేసి చూడండి. డబ్బాలో సిలికా జెల్ పెట్టండి, తోలు కేసులో మాత్రం దాచొద్దు, తేమ పట్టి ఉంచేది అదే.

ఎలక్ట్రానిక్ కాంపాక్టులు మాత్రం ఎవరూ కొనకండి. ఫ్లెక్స్ కేబుల్ తెగితే విడిభాగం లేదు. కొత్త కెమెరాలు లేవని కాదు, లైకా 2022లో ఎం6ని మళ్లీ తెచ్చింది, పెంటాక్స్ 2024లో 17 అనే హాఫ్‌ఫ్రేమ్ తెచ్చింది. మామూలు 36 రీలులో 72 బొమ్మలు. వేలితో తిప్పే లివరు ఉన్న కెమెరా ఒక పెద్ద కంపెనీ ఇప్పుడు కొత్తగా గీసి తయారుచేసిందంటే నా దృష్టిలో అది కొత్త ఫిల్మ్ రావడంకంటే పెద్ద కబురు.

డల్లాస్_నెగటివ్
స్కానింగ్ గురించి మావయ్య గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ల్యాబుల్లో నోరిట్సు, ఫ్రాంటియర్ స్కానర్లు చాలావరకు పాత విండోస్ కంప్యూటర్ల మీద నడుస్తున్నాయి, విడిభాగాలంటే ఇంకో చచ్చిన స్కానర్‌ని విప్పడమే. ఇంట్లో 24 మెగాపిక్సెల్ కెమెరా, మాక్రో లెన్సు ఉంటే చాలు. 36 ఎంఎం వెడల్పుకి 6,000 పిక్సెళ్లు అంటే అంగుళానికి 4,200 పైచిలుకు. ఫ్లాట్‌బెడ్ డబ్బా మీద రాసుకునే 6,400 కాగితం మీదే, చేతికొచ్చేది దాంట్లో సగం కూడా ఉండదు.

ఎఫ్/8, ఐఎస్ఓ 100, రా ఫైలు. వెనక వెలుగు రంగుల సూచిక సీఆర్ఐ 95 పైన ఉండాలి, ఫోను తెర పెడితే దాని పిక్సెళ్లే బొమ్మలోకి వస్తాయి. నెగటివ్ చోట చిన్న అద్దం పెట్టి లెన్సులో లెన్సే మధ్యలో కనబడేదాకా కెమెరా సర్దితే సమాంతరంగా ఉన్నట్టు. గదిలో దీపాలు ఆర్పండి, లేకపోతే నిగనిగలాడే వైపు ప్రతిబింబాలు పడతాయి.

విమానంలో వస్తే రీళ్లు చేతి సంచిలోనే. చెక్-ఇన్ బ్యాగులో వద్దేవద్దు. కొత్త సీటీ స్కానర్లు చేతి సామానుని కూడా గట్టిగా స్కాన్ చేస్తున్నాయి, దాంట్లో 100 స్పీడు ఫిల్మ్ కూడా మసకబారుతుంది. రీళ్లు పారదర్శక కవర్లో వేసి చేతితో చూడమని మర్యాదగా అడగండి. ఒప్పుకోవాలన్న రూలు అన్నిచోట్లా లేదు.

పిక్సెల్‌రాజు
ఇదంతా హాబీ. భవిష్యత్తు అంటే పరిశ్రమకి అవసరం ఉండాలి.

రీలుపెట్టె
అవసరం ఉంది, మనం చూసే వైపు లేదంతే. 4కే స్కాన్ ఒక ఫ్రేము 10 బిట్ డీపీఎక్స్ ఫైలులో దాదాపు 51 ఎంబీ. సెకనుకి 1.2 జీబీ, రెండున్నర గంటలకి 11 టీబీ. దాన్ని ఎల్‌టీఓ అనే డేటా టేపుల మీద దాస్తారు. ఎల్‌టీఓ-8 డ్రైవు ఎల్‌టీఓ-7 వరకే చదువుతుంది, అంతకుముందు టేపులు చదవదు. అంటే కొన్నేళ్లకోసారి మొత్తం కొత్త టేపులకి మార్చాలి, ఆపితే పోయినట్టే. ఆస్కార్ అకాడమీ 2007లో వేసిన లెక్కలో 4కే డిజిటల్ మాస్టర్‌ని ఏడాదిపాటు భద్రపరచడానికి 12,514 డాలర్లు, ఫిల్మ్ మాస్టర్‌కి 1,059 డాలర్లు. ఆ తర్వాత డిస్కుల ధర తగ్గింది, మార్పించే పని తగ్గలేదు. అందుకే డిజిటల్‌గా తీసిన సినిమాలని కూడా పెద్ద స్టూడియోలు మూడు రంగులు విడగొట్టి పాలియెస్టర్ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీదికి ఎక్కిస్తున్నాయి. వెండికి రంగు వెలిసే జబ్బు లేదు.

నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో గడ్డకట్టిన నేలలోని పాత బొగ్గు గనిలో ఉన్న ఆర్కిటిక్ వరల్డ్ ఆర్కైవ్‌లో 2020లో గిట్‌హబ్ దాచిన 21 టీబీ కోడ్ ఉన్నది కూడా 186 ఫిల్మ్ రీళ్ల మీదే, చుక్కల గడులుగా. సాఫ్ట్‌వేర్ కంపెనీ డేటా దాచడానికి ఫిల్మ్ కొంటే దాన్ని హాబీ అనలేం.

మన దగ్గర మిగిలిన అసిటేట్ నెగటివ్‌లది వేరే గోల. వేడి, తేమ కలిస్తే బేస్ విరిగి వెనిగర్ వాసన వస్తుంది, ఆ ఆమ్లమే మిగతాది ఇంకా వేగంగా తినేస్తుంది. ఇంట్లో పాత కుటుంబ నెగటివ్‌లు ఉంటే ప్లాస్టిక్ కవర్లు తీసేసి కాగితం కవర్లలో పెట్టండి. వాసన వచ్చినవి వేరే పెట్టెలో, అవే ముందు స్కాన్ చేయాలి. ముడుచుకున్నాక ఏ స్కానర్‌లోనూ చదునుగా పడుకోవు.

పిక్సెల్‌రాజు
ఆర్కైవ్ ఫిల్మ్ లెక్క ఒప్పుకుంటున్నా. అది గోల్డ్ 200 ధర తగ్గిస్తుందని మాత్రం చెప్పకండి.

రీలుపెట్టె
తగ్గించదు. వెండి ధర ఒక్కటి చాలు తగ్గకుండా ఆపడానికి.

కొత్తరీలు
అందరికీ థాంక్స్. అయితే హెచ్‌పీ5 ఐదు రీళ్లు, డీ-76 పొడి, ఒక రీలు పట్టే ట్యాంకు తీసుకుంటున్నా. కలర్ ఇప్పుడే ముట్టుకోను. ఫ్రిజ్‌లోంచి తీసిన రీలు వెంటనే ఎక్కించొచ్చా?

చీకటిగది
వద్దు. డబ్బా మూత తీయకుండా గంటన్నర బయట ఉంచండి, ముందే తీస్తే ఫిల్మ్ మీద నీటి బొట్లు పడతాయి. ట్యాంకు ఒక రీలుది కాదు, రెండు రీళ్లది తీసుకోండి. ఒక్క రీలే వేసినా అర లీటరు పోయడానికి చోటుంటుంది, పైన చెప్పిన పది శాతం లెక్క అక్కర్లేదు. ఖాళీ స్పైరల్‌ని మాత్రం తీసేయకండి, రీలు ఉన్నదాని మీద పెట్టండి. తిప్పేటప్పుడు కింది స్పైరల్ పైకి జరిగిందంటే మందులోంచి బయటికొచ్చి నెగటివ్‌లో ఒక అంచు బొమ్మ లేకుండా మిగులుతుంది.